తొట్టిలోని సముద్రకుసుమము రెండుగా చీలుటయేల?

హైదరాబాదు నగరమునకు పడమట, గండిపేట చెరువుకట్టకు దిగువగా నార్సింగి యను ఊరు కలదు. కొంతకాలము క్రిందటి వరకు అది పొలములు, బండరాళ్లు గల పల్లె. నేడు కంప్యూటరు కంపెనీల ఉద్యోగులు నివసించు ఎత్తైన భవనములతో నిండినది. ఆ ప్రదేశము సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తున, బంగాళాఖాతపు ఒడ్డునకు 300 కిలోమీటర్ల దరిదాపు దూరమున నున్నది. ఇట్టి మెట్టభూమిలో సముద్రప్రాణి బ్రదుకుటయే వింత. అయినను ఇట్టి ఇండ్లలో గాజుతొట్టికి ఉప్పునీరు నింపి, అందు సముద్రపు చేపలను, సముద్రకుసుమములను పెంచువారు ఈ కాలమున కలరు. రాత్రి దీపము ఆర్పునప్పుడు ఒకటిగా నున్న కుసుమము, మరునాటి ఉదయమునకో ఆ మరునాటికో ప్రక్కప్రక్కన రెండుగా కనబడుట వారికి అప్పుడప్పుడు అనుభవమగుచుండును. ఎవ్వరును దానిని కోయలేదు. క్రొత్తదానిని తెచ్చి వేయలేదు. చూచినవారికి మొదట సంతోషము, వెంటనే సందేహము కలుగును. ఇది బాగుగా పెరిగి సంతానమును పొందినదా? లేక ఏదో బాధ తాళలేక చీలిపోయినదా?

ఈ సందేహము ఊరక పుట్టినది కాదు. తొట్టిలోని సముద్రకుసుమములలో ఎక్కువభాగము పగడపు దిబ్బలనుండి పెరికి తెచ్చినవే. ఇంటిలో ఒకటి చచ్చినచో దాని స్థానమున మరియొకటి సముద్రమునుండి రావలసియుండును. చీలుట క్షేమమునకు గుర్తో, ప్రమాదమునకు గుర్తో తెలిసికొనుట అందుచేత అవసరము.

పేరును బట్టి ఇది పువ్వనుకొనరాదు. ఇది జంతువు, పాఠశాలలో విద్యార్థులు చదువుకొను హైడ్రాకును, పగడములకును దగ్గరి చుట్టము. దీని శరీరము మూతి పైకి పెట్టి నిలిపిన సంచి వంటిది. మూతి చుట్టును వ్రేళ్లవంటి స్పర్శకములు వరుసలుగా నుండును. వానిలో దంశకణములు కలవు. చిన్న చేపయో, రొయ్యయో తగిలినప్పుడు అవి సూక్ష్మమైన విషపు నూలుపోగులను విసరి దానిని మూర్ఛిల్లజేయును. ఆహారము లోనికి పోవుటకును, ఎంగిలి బయటికి వచ్చుటకును ద్వారమొక్కటే. అడుగున పళ్లెమువంటి పాదము కలదు. దానితో రాతిని అంటిపెట్టుకొనియుండును, మెల్లగా ప్రాకను గలదు.

ఈ సంచిని అడ్డముగా కోసి చూచినచో లోపల నిలువు పొరలు మధ్యకు సాగియుండుట కనబడును. బత్తాయిపండును అడ్డముగా కోసినప్పుడు తొనల నడుమ కనబడు పొరలే దీనికి తగిన పోలిక. ఈ పొరల మీదనే ఆహారమును జీర్ణము చేయు కణములు, ముడుచుకొనుటకు కావలసిన కండరములు, బీజకణములను పుట్టించు భాగములు అన్నియు నున్నవి. మెదడు లేదు, గుండె లేదు. నాడులు వలవలె శరీరమంతటను వ్యాపించియుండును. కుసుమము నిలువుగా చీలగలుగుటకు మూలము ఇందే యున్నది. బత్తాయిని నిలువుగా రెండు చెక్కలు చేసినచో ప్రతి చెక్కకును కొన్ని తొనలు వచ్చునుగదా! అట్లే సముద్రకుసుమమును నిలువున చీల్చినచో, ప్రతి సగమునకును కొన్ని స్పర్శకములు, నోటిలో కొంత, పాదములో కొంత, లోపలి పొరలలో కొన్ని దక్కును. బ్రదుకుటకు కావలసినది ఏదియు పూర్తిగా ఒక వైపునకే పోదు. కప్పకుగాని, కాకికిగాని ఇట్టి వెసులుబాటు లేదు.

చీలిక జరుగు తీరు చూడదగినది. మొదట పాదము గుండ్రదనము విడిచి కోలగా సాగును. దాని రెండు కొనలు రెండు దిక్కులకు ప్రాకుటకు మొదలిడును. ఒకే శరీరములోని రెండు భాగములు తాడులాగు పందెము ఆడుచున్నట్లుండును. నడుమ భాగము పలుచనై, తుదకు చినుగును. నోరు కూడ సాగి, రెండగును. కొన్ని గంటలలో ముగియుటయు కలదు, కొన్ని దినములు పట్టుటయు కలదు. విడిపోయిన తరువాత ప్రతి సగమును చినిగిన అంచులను లోనికి ముడుచుకొని, ఒకదానితో నొకటి కలిపికొని, మరల సంచిగా తయారగును. కొన్ని దినములు అది ముడుచుకొని, నోరు ఒక ప్రక్కకు ఒరిగి, రోగిష్టివలె కనబడును. పిమ్మట పోయిన స్పర్శకములు, పొరలు క్రొత్తగా మొలచును.

ఇందు తల్లి యెవరు, పిల్ల యెవరు? ఆ ప్రశ్నకు జవాబు లేదు. అరటితోటలో తల్లిచెట్టు మొదట పిలకలు వచ్చును; పిలక చిన్నది, తల్లి పెద్దది, తల్లి గెలవేసి పోవును. ఇక్కడ అట్లు కాదు. అన్నదమ్ములు ఆస్తి పంచుకొన్నట్లు ఇద్దరును సమానభాగస్వాములు. పంపకమైన తరువాత ఉమ్మడి కుటుంబము మిగులదు. అయితే ఒక విషయములో అరటిపిలక పోలిక సరిపోవును. పిలకనుండి వచ్చిన చెట్టు తల్లిచెట్టు లక్షణములను ఉన్నవున్నట్లు పొందును. అట్లే రెండు సగములలోను జన్యుపదార్థ మొక్కటే. మొదటిది మగదైనచో రెండును మగవే. ఆడుదైనచో రెండును ఆడువే.

ఇక చీలుటయేల యను ప్రశ్నకు వత్తము. దీనిలో కొంతభాగమునకు లెక్కల మాష్టరు జవాబు చెప్పగలడు. సముద్రకుసుమము తన శరీరపు పైభాగముతో ఆహారమును పట్టుకొనును. ఆ ఉపరితలముతోనే ప్రాణవాయువును పీల్చుకొనును. కాని ఆ ఆహారము పోషించవలసినది శరీరపు ఘనపరిమాణము నంతను. ఆకారము మారక అడ్డుకొలత రెండింతలైనచో ఉపరితలము నాలుగింతలగును, ఘనపరిమాణము ఎనిమిదింతలగును. అనగా పెరిగినకొలది సంపాదనకంటె ఖర్చు త్వరగా పెరుగును. ఒక పరిమాణమునకు మించి పెరుగుట లాభము కాదు. అప్పుడు అది రెండుగా చీలి, ప్రతి భాగమును పూర్వపు ఆకారమునకే వచ్చినదనుకొందము. ఒక్కొక్కదాని ఘనపరిమాణము సగము; అడ్డుకొలత పూర్వపుదానిలో 100కు 79 వంతులు; ఉపరితలము 63 వంతులు. రెండింటి ఉపరితలము కలిపిన 126. మాంసము ఒక్క రవ్వ పెరుగకుండనే నోటికందించు చేతులు నాలుగవవంతు పెరిగినవి! బెల్లపు అచ్చును ముక్కలు చేసినచో నీటిలో త్వరగా కరగుటకును ఇదే కారణము.

ఈ లెక్క కాగితము మీదిది మాత్రమే కాదు. అమెరికా పడమటి తీరమున రాళ్ల మీద గుంపులుగా నివసించు ఆంథోప్లూరా ఎలిగాంటిస్సిమా అను జాతిని కెన్నెత్ సెబెన్సు అను శాస్త్రజ్ఞుడు 1970-80 ప్రాంతమున పరిశీలించెను. ఆహారము ఎంత దొరకును, శరీరమును నిలుపుకొనుటకు ఎంత ఖర్చగును అను రెండింటిని బట్టి ప్రతి చోటికిని తగిన పరిమాణ మొకటి ఉండునని ఆయన వాదము. ఆ జాతిలో ఆహారము తగ్గినప్పుడు చీలిక హెచ్చుట గమనింపబడినది. చలికాలమునకు ముందు వెనుకల చీలికలు విశేషముగా జరుగును. అదే జాతిలో ఒక్క తల్లినుండి చీలి వచ్చినవన్నియు ఒకదానినొకటి ఆనుకొని శాంతముగా నుండును. వేరొక వంశపు గుంపు ఎదురైనచో దంశకణములు నిండిన ప్రత్యేకమైన బుడిపెలతో పొడిచి పోరాడును. రెండు గుంపుల నడుమ ఎవ్వరును లేని సందు గట్టువలె మిగిలిపోవును. లిస్బెత్ ఫ్రాన్సిస్ అను ఆమె 1973లో ఈ సంగతిని ప్రకటించెను. మెదడు లేని ప్రాణి తనవారిని పరాయివారిని వేరుపరచగలుగుట ఆలోచింపదగిన విషయము.

తొట్టిలలో ఎక్కువగా చీలునది మరియొక జాతి. దాని శాస్త్రీయనామము ఎంటక్మేయా క్వాడ్రికలర్. స్పర్శకముల కొనలయందు చిన్న బుడగవంటి ఉబ్బు తరచు కనబడుటచే దీనిని 'బుడగకొన కుసుమ'మని పిలువవచ్చును. ఎఱ్ఱసముద్రమునుండి తెచ్చిన నమూనాలను బట్టి దీనిని 1828లో వర్ణించిరి. హిందూమహాసముద్రము, పసిఫిక్ మహాసముద్రపు పడమటిభాగముల పగడపు దిబ్బలలో ఇది వ్యాపించియున్నది. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' చలనచిత్రము వలన పిల్లలందరకు పరిచయమైన నారింజరంగు క్లౌను చేప బంధువులు పెక్కు దీని స్పర్శకముల నడుమ తలదాచుకొనును.

ఈ జాతి ప్రకృతిలోనే రెండు రకముల బ్రదుకు బ్రదుకుచున్నది. లోతునీటిలో పెద్దదై ఒంటరిగా నుండును. పెద్ద క్లౌను చేపల జంట దానిని కాపురముగా చేసికొనును. దిబ్బ పైభాగమున, లోతు తక్కువగా వెలుతురు ఎక్కువగానున్న చోట చిన్నవై, చీలి చీలి, పగుళ్లలో గుంపుగా క్రమ్ముకొనును. తొట్టి లోతెంత? రెండు మూడు అడుగులు. దీపముల వెలుతురు తీవ్రము. కనుక తొట్టిలో చీలుట తొట్టి వలన పుట్టిన దుర్గుణము కాదు. దిబ్బ పైభాగమున అది చేయుపనినే ఇంటిలోను చేయుచున్నది. దీనికి భిన్నముగా తివాచీవలె పరచుకొను స్టైకోడాక్టిలా జాతులు సాధారణముగా చీలవు. వానిని పెంచువారు ఎన్ని ఏండ్లు కనిపెట్టుకొనియున్నను ఒకటి ఒకటిగానే యుండుట వాడుక.

స్వభావము సరే, ఫలానా దినముననే చీలుటకు ప్రేరణ యేమి? పెంచువారు చెప్పు కారణములు రెండు తెగలు. కొందరు, పుష్కలముగా తిండి పెట్టగా పెరిగి చీలినదందురు. మరికొందరు, నీరు మార్చిన మరునాడో, దీపము మార్చిన వారమునకో, వేడి పెరిగినప్పుడో చీలినదందురు. వినుటకు ఇవి పరస్పరవిరుద్ధములుగా తోచును. ప్రయోగశాలలోని ఫలితములు కూడ ఒకే దారిని లేవు. సెబెన్సు చూచిన జాతి తిండి తగ్గినప్పుడు చీలినది. ప్రపంచపు రేవులన్నిటికి ఓడలతోపాటు వ్యాపించిన చారల కుసుమము, డయాడుమెనీ లినియేటా, వెచ్చని నీటిలో తిండి దొరకుచుండగా త్వరత్వరగా చీలును. పై లెక్కను జ్ఞప్తియందుంచుకొన్నచో ఈ రెండును పొసగును. శరీరము తగిన పరిమాణమును మించుటకు మార్గములు రెండు: తిండి వలన శరీరమే పెరుగవచ్చును, లేదా పరిస్థితులు చెడి, తగిన పరిమాణమే తగ్గిపోవచ్చును. మొదటిది జీతము పెరిగి వేరింటి కాపురము పెట్టుట. రెండవది బాడుగ భరింపలేక చిన్న ఇల్లు చూచుకొనుట. ఇది సమంజసమైన వివరణమే గాని, బుడగకొన కుసుమము తొట్టిలో చీలిన ప్రతి సందర్భమునకును దీనిని ముద్రవేయుట తొందరపాటు. నీరు మార్చిన మరునాడు చీలనివి ఎన్నియో ఎవ్వరును లెక్కింపరు. చీలినది మాత్రమే జ్ఞాపకముండును.

నార్సింగి వంటి చోట మార్పులకు కొదువ లేదు. ఈ ప్రాణికి 24 మొదలు 27 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి, లీటరు నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పు హాయిగా నుండును. దక్కను బండలలోని బోరునీరు కఠినజలము; దానిని వడపోత యంత్రముతో శుద్ధిచేసి, సముద్రలవణముల మిశ్రమమును కలిపి వాడుదురు. ఏప్రిల్, మే నెలలలో బయట ఎండ 40 డిగ్రీలు దాటును. విద్యుత్తు ఆగినచో చల్లబరచు యంత్రము, నీటిని కదలించు పంపు రెండును ఆగును. వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరగును. ప్రాణికి మాత్రము వెచ్చదనములో ప్రాణవాయువు ఎక్కువగా కావలయును.

ఆవిరి మరొక చిక్కు. 200 లీటర్ల తొట్టిలో లీటరుకు 35 గ్రాముల చొప్పున 7 కిలోల ఉప్పున్నదనుకొందము. ఎండకాలమున దినమునకు 4 లీటర్ల నీరు ఆవిరియైనచో, ఐదు దినములలో 20 లీటర్లు పోవును. నీరు పోవును గాని ఉప్పు పోదు. మిగిలిన 180 లీటర్లలో అదే 7 కిలోలు. అనగా లీటరునకు దాదాపు 39 గ్రాములు. ఆ లోటును మరల ఉప్పునీటితో పూరించువాడు కష్టమును రెట్టింపు చేయును. శుద్ధజలమునే, దినదినము కొద్దికొద్దిగా పోయవలెను.

వేడిమి హెచ్చినచో వేరొక నష్టము కూడ కలదు. సముద్రకుసుమపు కణములలో కంటికి కనబడని శైవలములు సహజీవనము చేయుచున్నవి. అవి వెలుతురుతో తయారుచేసిన చక్కెర వంటి పదార్థములలో పెద్దభాగము కుసుమమునకు చెందును. వేడి మితిమీరినచో ఈ పొత్తు చెడి, శైవలములు బయటికి పోవును, కుసుమము తెల్లబారును. తెల్లబారిన కుసుమము చీలినచో, అది రెండవ తెగకు చెందిన చీలిక యని అనుమానింపవలెను. గోధుమవన్నె చెడక, నోరు బిగువుగానుండి, రాతిని గట్టిగా పట్టుకొని, తిండిని వెంటనే అందుకొనుచున్నది చీలినచో భయము లేదు.

చీలుటకు ఇతరరీతులు కూడ కలవు. తొట్టిలను పాడుచేయు కలుపుమొక్కవంటి ఐప్టేసియా అను చిన్న కుసుమము ప్రాకునప్పుడు తన పాదపు అంచునుండి తునుకలను వెనుక విడిచిపోవును; ప్రతి తునుకయు ఒక క్రొత్త ప్రాణి. దానిని బ్లేడుతో గీకి తొలగింపజూచినవారు ఒకటికి పది చేసికొందురు. బొలొసెరాయిడిసు అనునది స్పర్శకములను రాల్చును. రాలిన స్పర్శకము పూర్ణప్రాణియగును. స్కాట్లండులో సర్ జాన్ గ్రాహం డాలియెల్ అను పండితుడు 1828లో నార్త్ బెర్విక్ తీరమున ఒక ఎఱ్ఱని సముద్రకుసుమమును పట్టి గాజుపాత్రలో పెంచెను. అది చీలలేదు, నోటినుండి పూర్ణాకారముగల పిల్లలను వందలకొలది కక్కెను. ఆయన 1851లో మరణించినను అది చేతులు మారి 1887 వరకు జీవించెను. దానికి 'గ్రానీ', అనగా నాయనమ్మ, అని పేరు పెట్టిరి. ఈ జాతిలో అట్టి పిల్లలు తల్లికి జన్యువులలో సరిసమానములని తరువాతి పరీక్షలలో తేలినది.

ఇన్ని సులువు మార్గములుండగా స్త్రీపురుష సంయోగముతో పనియేమి? ఒకే జన్యుపదార్థముగల గుంపులో ఒకదానిని చంపు వ్యాధి అన్నిటిని చంపగలదు. ఒకటి తాళలేని వేడిని ఏదియు తాళజాలదు. బీజకణముల కలయిక వలన పుట్టిన సంతతిలో భేదములుండును. బుడగకొన కుసుమములో ఆడు మగ వేరువేరు. ఆస్ట్రేలియా తూర్పుతీరపు సాలిటరీ దీవుల వద్ద ఆన్నా స్కాట్, పీటర్ హారిసన్ అనువారు వీనిని పరిశీలించిరి. వేసవి చివరను, పున్నమి గడిచిన కొన్ని రాత్రులకు, ఇవి అండములను శుక్రకణములను నీటిలో విడుచును. ఫలదీకరణము నీటిలోనే జరిగి ప్లాన్యులా డింభకములు పుట్టును. తొట్టిలో పున్నమి లేదు. ఋతుభేదము లేకుండ వేడిమిని యజమాని ఒకే తీరున నిలుపును. వడపోత యంత్రము తేలియాడు కణములను పట్టివేయును. అన్నిటికంటె ముఖ్యముగా, ఒకదానినుండి చీలి తొట్టి నిండిన పది కుసుమములును ఒకే లింగమునకు చెందినవి. కోకాపేటలోని మిత్రుడు ఆ పదింటిలో ఒకటి తీసికొనిపోయి, దానినుండి మరి పది చేసినను అంతే.

అయినను చీలిక వలన పగడపు దిబ్బలకు మేలు లేకపోలేదు. మనదేశమున దిబ్బలను కట్టు పగడములు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణచట్టపు మొదటి షెడ్యూలులో చేర్చబడినవి; వానిని సముద్రమునుండి తీయరాదు. సముద్రకుసుమములు ఆ దిబ్బలలోనే పెరుగును. ఒక్కదానిని పెరికినచో దానిని నమ్ముకొనిన క్లౌను చేపలకు ఇల్లు పోవును. పసిఫిక్‌లోని మొరేయా దీవి వద్ద 2016లో సముద్రము వేడెక్కి కుసుమములు తెల్లబారినప్పుడు, వానిలోని క్లౌను చేపలు గ్రుడ్లు పెట్టుట చాలవరకు తగ్గినది. అట్టి దినములలో తొట్టిలో పుట్టినది తొట్టికే చాలుట చిన్న సహాయము కాదు. స్కాటును ఆమె సహచరులును 2014లో ప్రకటించిన ప్రయోగములో బుడగకొన కుసుమములను కోసి చూడగా, రెండుగా కోసినవానిలో ఎక్కువభాగము బ్రదికి పూర్ణాకారమును పొందినవి. హెటరాక్టిసు క్రిస్పా అను జాతికి కోత అంతగా సరిపడలేదు. ఇంటిలో కత్తి పట్టుటకు ఇది అనుమతిపత్రము కాదు. ప్రయోగశాలలో ధారగా పారు సముద్రజలము కలదు. ఇంటి తొట్టిలో ఒక్కటి కుళ్లినచో నీరంతయు చెడును.

తనంత తాను చీలినదానికి చేయవలసిన పని స్వల్పము. పంపు మూతికి జల్లెడ కట్టవలెను, ఏలయనగా క్రొత్తగా విడిపోయిన సగములు చోటు వెదకుచు తిరుగును. నోరు సరిగా మూసికొనునంతవరకు ఆహారము పెట్టరాదు. పిమ్మట చిన్న తునుకలు చాలును. ఒక పుస్తకములో ప్రతిదినము వేడిమి, ఉప్పు కొలత, పెట్టిన తిండి, పాదపు అడ్డుకొలత వ్రాసియుంచవలెను. చీలిన దినములతోపాటు చీలని దినములను కూడ వ్రాయవలెను. తొట్టి లేని పాఠశాలల విద్యార్థులు విశాఖపట్టణము పోయినప్పుడు, ఆటు సమయమున ఋషికొండ ప్రాంతపు రాళ్ల మడుగులలో వంగి చూచినచో సముద్రకుసుమములు కనబడును. పెరుకవద్దు. వ్రేలు తగులగానే ముడుచుకొనును. కదలక కొంతసేపు వేచియున్నచో మరల విచ్చుకొనును.